ఐసు మీద ఈథన్, నేను

పోయిన నెలలో ఒక ఆదివారం కెరోల్ మా ఇంటికి వచ్చింది. ముందురోజు ఫోన్ చేసి, సియాటిల్‌లో చెల్లెలి దగ్గరికి వచ్చాననీ, వీలుంటే రెడ్‌మండ్ వచ్చి ఒకసారి చూసి వెళ్తాననీ అంది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "ఈథన్ వాళ్ల అమ్మని" అన్నాక, అడ్రసు చెప్పి రమ్మన్నాను. ఫోన్ పెట్టేసి అమ్మకి చెప్తే, బీరకాయ చెక్కు తీస్తున్నదల్లా ఆగి, "ఆవిడెందుకే ఇప్పుడు?" అంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. కెరోల్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తి ఇరవై ఏళ్లు దాటింది. ఎందుకు వస్తోందో నాకూ తెలియదన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు కానీ, ఆ సాయంత్రం పెసలు నానబోసింది.

కెరోల్ జుట్టంతా నెరిసిపోయింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్వబోయి, వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. మా ఇంట్లో చెప్పులతో తిరగరని ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. ఒక బూటు విప్పింది, రెండోది ఊడిరాలేదు. అలా వంగే, నా ముఖం చూడకుండానే చెప్పింది. "మ్యాడీ, ఈథన్ పోయాడు. చలికాలం చివర్లో. ఫోన్‌లో చెప్పలేకపోయాను." నా పేరు మాధవి. మ్యాడీ అని పిలిచేది స్కేటింగ్ రోజుల నాటి మనుషులే, వాళ్లలో మిగిలింది కూడా కొద్దిమందే. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తనకి ఇంగ్లిషు ఇప్పటికీ అంతంతమాత్రమే కానీ ఆ మాట అర్థమైంది. చేతిలో గరిటె పక్కన పెట్టి, కెరోల్ ముందు నేల మీద కూర్చుని, ఆ రెండో బూటు తనే విప్పింది.

ఈథన్ ఎవరో చెప్పాలంటే న్యూజెర్సీ దాకా వెనక్కి వెళ్లాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు గుంటూరు నుంచి ప్లెయిన్స్‌బరో వచ్చాం. నాన్నది హెచ్‌వన్ వీసా, అమ్మదీ నాదీ ఆయన మీద ఆధారపడిన వీసా. మేమున్న అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగువాళ్లే. సాయంత్రమైతే మెట్ల మీద ఇంగువ పోపు వాసన, ఎవరింట్లోంచో పిల్లల ఎక్కాల మోత. ఆడపిల్లలందరూ కింద ఒక ఆంటీ బేస్‌మెంట్లో భరతనాట్యం నేర్చుకునేవాళ్లు. నేనూ వెళ్లేదాన్నేమో. కానీ అంతలోనే నాన్న ఆఫీసులో ఒకాయన తన కూతురి పుట్టినరోజు స్కేటింగ్ రింక్‌లో చేశాడు. అద్దె స్కేట్లు కట్టుకుని పిల్లలంతా అంచున రెయిలింగ్ పట్టుకుని ఏడుస్తుంటే, నేను మధ్యలోకి వెళ్లిపోయానట. అది చూసిన ఒక పెద్దావిడ మా అమ్మ దగ్గరికి వచ్చి, ఈ పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుంటోందని అడిగింది. ఆవిడే డొరతీ. వయసులో ఉన్నప్పుడు పోటీలకి వెళ్లిన మనిషి, అప్పటికి తుంటి ఎముక అరిగి కర్రతో నడిచేది. ఐసు మీదకి వస్తే మాత్రం ఆ కర్ర అవసరం ఉండేది కాదు.

ఆమె నేర్పేది ఐస్ డాన్స్. గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగే స్కేటింగ్ కాదది. ఒక ఆడ, ఒక మగ, ఒకరినొకరు పట్టుకుని, సంగీతం ఎటు పోతే అటు, ఒకే ఊపిరిగా జారడం. ఇద్దరి పాదాల మధ్య అరచేయి పట్టేంత ఖాళీ కూడా ఉండకూడదు. "డాన్సే కదండీ, చేరుద్దాం" అంది అమ్మ నాన్నతో. ఎలాంటి డాన్సో అమ్మకి అప్పటికి సరిగా అర్థం కాలేదు. అయ్యాక కూడా వద్దనలేదు. ఒక్క ఇబ్బందే వచ్చింది. జంటకి అబ్బాయి కావాలి, ఆ రింక్‌లో మగపిల్లలంతా హాకీ ఆడేవాళ్లు. డాన్స్ చేసేవాడు ఒక్కడే, ఈథన్. ముక్కు మీద మచ్చలు, నాకంటే అంగుళం పొట్టి. హాకీ పిల్లలు వాడిని ఏడిపించని రోజు లేదు. డొరతీ మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టిన మొదటిరోజు నేను జారి పడుతూ వాడినీ లాగి పడేశాను. వాడి గడ్డం చిట్లింది. రక్తం తుడుచుకుంటూ, "నీ పేరు ఇంకోసారి చెప్పు, మెల్లగా" అన్నాడు. నోరు తిరగక చివరికి మ్యాడీ దగ్గర ఆగాడు.

ఆ తర్వాత ఏడేళ్లు మా రోజులు ఒకే తీరుగా నడిచాయి. రింక్‌లో డాన్స్ వాళ్లకి సమయం దొరికేది తెల్లవారుజామునే. అమ్మ చీకటితోనే లేచి ఇడ్లీలు వేసి, రేకు కాగితంలో చుట్టి, నా జాకెట్ జేబుల్లో పెట్టేది, చేతులకి వెచ్చగా ఉంటాయని. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని కిందకి దిగి కారు మీది మంచు గీకి, ఇంజన్ వేడి చేసి పైకి వచ్చి నన్ను లేపేవాడు. స్కేటింగ్ బట్టల బ్యాగు మాత్రం ఎప్పుడూ బాల్కనీలోనే. లోపల పెడితే పోపు వాసన పడుతుందని అమ్మ భయం. ఒకసారి డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరో అమ్మాయి ముక్కు మూసుకుందని నేను ఇంటికొచ్చి ఏడిచాను, అప్పటి నుంచి. ఆ సంగతి ఈథన్‌కి చెప్తే వాడు నా చేతి తొడుగు లాక్కుని వాసన చూసి, "నాకైతే ఆకలేస్తోంది" అన్నాడు. రింక్‌కి దాని వాసన దానికుండేది. తడిసిన రబ్బరు చాపలు, ఆరని తొడుగులు, నిన్నటి పాప్‌కార్న్, వీటన్నిటి మీదా ముక్కుపుటాలు మండించే చలి. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా మోకాళ్లు వాటంతటవే కొద్దిగా వంగుతాయి.

వారంలో కొన్ని రోజులు నాన్న తీసుకెళ్తే, మిగతా రోజులు కెరోల్ వచ్చేది. వాళ్లది పక్క ఊరు. భర్త ఎప్పుడో విడిపోయి వెళ్లిపోయాడు. ఆమె ఒక స్కూల్లో క్యాంటీన్ చూసుకునేది. ఆమె కారు నిండా కుక్క వెంట్రుకలు, కాఫీ వాసన. వెనక సీట్లో నేనూ ఈథనూ, ముందు సీట్లో మా అమ్మ. ఇద్దరమ్మలూ రింక్‌లో చెక్కబల్ల మీద ఒకే దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లు. మొదట్లో మాటలు లేవు, సైగలే. తర్వాత కెరోల్ ఇంగ్లిషు మా అమ్మ కోసం మెల్లబడింది, మా అమ్మ ఇంగ్లిషు కెరోల్ కోసం ధైర్యం తెచ్చుకుంది. మా డ్రెస్సులు అమ్మే కుట్టేది. సాగే గుడ్డ మిషన్ మీద నిలవక ఎన్నోసార్లు విప్పి కుట్టేది. తన పెళ్లినాటి పట్టుచీర అంచు కత్తిరించి ఒకదానికి వేసింది. పూసలు గుచ్చడం కెరోల్ పని. మా అమ్మకి డ్రైవింగ్ నేర్పింది కూడా కెరోలే, ఆ రింక్ పార్కింగ్ లాట్‌లోనే. మొదటిసారి అమ్మ ఒక్కతే కారు వెనక్కి తీసి సరిగ్గా నిలబెట్టినప్పుడు, కెరోల్ కిందకి దిగి చప్పట్లు కొడితే, నేనూ ఈథనూ అద్దాల్లోంచి చూసి డొరతీ చేత తిట్లు తిన్నాం. అమెరికాలో అమ్మకి దొరికిన మొదటి స్నేహితురాలు ఆమె. తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు కానీ, వాళ్లంతా నాన్న ఆఫీసు తరఫునో అపార్ట్‌మెంట్ తరఫునో వచ్చినవాళ్లు. కెరోల్ ఒక్కతే అమ్మ తనంతట తాను సంపాదించుకున్నది.

ఐసు చదును చేసే బండి తిరుగుతున్నంతసేపు మేం బయటికి రావాలి. ఆ కాసేపూ అమ్మ నాచేత తెలుగు డిక్టేషన్ రాయించేది. వేళ్లు కొంకర్లు పోయి అక్షరాలు వంకర తిరిగేవి. ఈథన్ పక్కన కూర్చుని నా "ళ" చూసి ఇది కూడా ఒక స్టెప్పే అనేవాడు, దాన్ని ఐసు మీద బ్లేడుతో గీసి చూపించేవాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చెక్కబల్ల పుణ్యమే. ప్రాక్టీసు అయ్యాక ఈథన్ చాలాసార్లు మా ఇంటికి వచ్చేవాడు. ఉప్మా పెడితే మారుమాట్లాడకుండా తినేవాడు. పెసరట్టు అంటే ప్రాణం. "ఆంటీ, వన్ మోర్" అనడానికి సిగ్గుపడి, ఖాళీ ప్లేటు వైపు చూస్తూ కూర్చునేవాడు. అమ్మ నవ్వుకుంటూ ఇంకోటి వేసేది. "పాపం, తల్లి ఒక్కతే ఎంతకని చేస్తుంది" అనేది.

ఎదిగాక ఈథన్ ఒక్క ఎండాకాలంలో నన్ను దాటి పొడుగైపోయాడు. డొరతీ మా డాన్సులన్నీ మొదటి నుంచి మళ్లీ నేర్పింది. అప్పటి నుంచి మాకు పేరు వచ్చింది. మా ప్రాంతం పోటీల్లో గెలిచాం. దేశం మొత్తం మీద మా వయసు జంటల్లో మాదీ చెప్పుకోదగ్గ స్థానమే అయింది. అప్పుడే పిలుపు వచ్చింది, బయటి దేశంలో జరిగే పోటీకి మమ్మల్ని పంపిస్తామని. ఈథన్ రింక్ చుట్టూ అరుస్తూ తిరిగాడు. ఆ సాయంత్రం నాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు. దేశం దాటి వెళ్తే తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగ్ వేయించుకోవాలి. ఆయన ఆఫీసులో ఒకతను అలా వెళ్లి నెలల తరబడి ఇరుక్కుపోయాడు. మా గ్రీన్ కార్డు అప్లికేషన్ ఎక్కడో మధ్యలో ఉంది. "రిస్క్ తీసుకోలేం తల్లీ. ఏదైనా తేడా వస్తే అందరం పోతాం" అన్నాడు. నేను వాదించలేదు. ఆ ఇంట్లో వీసా మాట వచ్చినప్పుడు ఎవరూ వాదించేవాళ్లు కాదు, జ్వరం వచ్చిన మనిషి దగ్గరలా గొంతులు తగ్గిపోయేవి. మర్నాడు రింక్‌లో ఈథన్‌కి చెప్తే, "సరే, వచ్చే ఏడాది వెళ్దాం" అన్నాడు. తర్వాతి ఏడాదీ అంతే అయింది. డొరతీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంకెన్నాళ్లు?" అని అడిగింది. "తెలీదు మేడమ్" అన్నాడు నాన్న. పెద్ద ఉద్యోగం చేసే మనిషి, స్కూల్లో తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకున్నాడు. ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే జంటలో ఇద్దరూ ఈ దేశపు పౌరులే కావాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

ఈథన్ మా ఇంటికి చివరిసారి వచ్చింది ఒక శనివారం మధ్యాహ్నం. లైసెన్స్ అప్పుడే వచ్చింది, తల్లి కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. అమ్మ సంబరపడి పెసరట్టు వేసింది, అల్లం పచ్చడి గిన్నె వాడి ముందుకి జరిపింది. వాడు తినలేదు. ప్లేటు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"మ్యాడీ, నేను కొలరాడో వెళ్తున్నాను" అన్నాడు.

అమ్మకి అది పోటీ అనే అనిపించింది. కొత్త డ్రెస్సు కుట్టాలేమోనని నా వైపు చూసి, వాడితో, "కొలరాడో వెరీ కోల్డ్, ఈథన్. స్వెట్టర్ టేక్. వెన్ కమ్ బ్యాక్?" అంది.

వాడు ఏడ్చేశాడు. పదిహేడేళ్ల పిల్లాడు, చెంపల మీద అప్పుడప్పుడే గడ్డం వస్తోంది, మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కడ ఒక పెద్ద కోచ్ పిలిచాడట. కెయిట్లిన్ అనే అమ్మాయికి పార్ట్‌నర్ కావాలట. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది. అది చెప్పేటప్పుడు వాడి గొంతు సరిగా వినబడలేదు. "మీ అమ్మ ఏమంది?" అన్నాను. "వెళ్లమంది" అన్నాడు. నేను లేచి నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. హాల్లో అమ్మ, "వాట్ హాపెన్? ఈట్, ఈథన్, ఈట్" అంటూ ఉండటం వినబడింది. కాసేపటికి బయటి తలుపు చప్పుడు, కింద కారు చప్పుడు. నేను బయటికి వచ్చేసరికి అమ్మకి అంతా అర్థమైపోయింది. ఆ అట్టు అలాగే ఉంది ప్లేట్లో. ఆ తర్వాత కెరోల్ చాలాసార్లు ఫోన్ చేసింది. అమ్మ ఎత్తలేదు. ఒకసారి మాత్రం మోగుతున్న ఫోన్ వైపు చూస్తూ తెలుగులోనే అంది, "నాకు డ్రైవింగ్ నేర్పింది ఎందుకూ? నా కూతుర్ని ఏడిపిస్తే నేనే ఇంటికి తోలుకెళ్లడానికా?" నాన్న ఆ రాత్రి భోంచేస్తూ, "లాయర్‌కి మళ్లీ మెయిల్ పెడతాను" అన్నాడు. పెట్టాడు కూడా. ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే.

ఐస్ డాన్స్‌లో అబ్బాయిలు తక్కువ, అమ్మాయిలు ఎక్కువ. ఒక అబ్బాయి జంట విడిపోయిందని తెలిస్తే చాలు, దేశం నలుమూలల నుంచీ అమ్మాయిలు వెళ్లి ట్రయౌట్‌కి నిలబడతారు. నన్ను తీసుకుని అమ్మ అలా ఎన్నో ఊళ్లు తిరిగింది. ఒక్కో రింక్‌లో ఒక్కో అబ్బాయితో కాసేపు స్కేట్ చేయడం, వాళ్ల అమ్మ నా ఎత్తు, నడుము చూడటం. పెళ్లిచూపుల్లాగే ఉందని అమ్మ మొదట నవ్వింది, రెండు మూడు ఊళ్లు తిరిగాక నవ్వలేదు. నాట్యం బాగుందని అందరూ అనేవాళ్లు. తర్వాత ఎవరో ఒకరు మెల్లిగా అడిగేవాళ్లు, "పౌరసత్వం ఉందా?" అని. చివరికి మిషిగన్‌లో గ్రాంట్ అనే అతను ఒప్పుకున్నాడు. నేను అక్కడికి మారి, ఒక కుటుంబం ఇంట్లో గది తీసుకుని, పగలు కాలేజీకి వెళ్లేదాన్ని. గ్రాంట్ ఒక్క అడుగు తప్పేవాడు కాదు. ఒక్కసారి కూడా నా కళ్లలోకి చూసేవాడు కాదు. ప్రాక్టీసు అవగానే "థాంక్స్" అని చేయి వదిలేసి వెళ్లిపోయేవాడు. విచిత్రం ఏమిటంటే, ఈథన్‌తో వెళ్లినదానికంటే అతనితోనే పైకి వెళ్లాను. మెడల్ మెడలో పడిన రోజు ఫోటోలో ఇద్దరం నవ్వుతున్నాం, అది చూసి అమ్మ, "ఈ అబ్బాయి ఏం తింటాడే?" అని అడిగింది. నాకు తెలియదు. రెండేళ్లు పక్కన ఉన్న మనిషి ఏం తింటాడో నాకు తెలియదు. లా చదవాలని అతను మానేసినప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆ తర్వాత తోమాస్. యూరప్ నుంచి వచ్చినవాడు, వాడిదీ ఏదో తాత్కాలిక వీసా. "మనిద్దరికీ కలిపి ఒక దేశం కూడా లేదు" అని నవ్వేవాడు. మంచివాడు. ఐసు మీద పాడుకుంటూ స్కేట్ చేసేవాడు. మేం పోటీల్లో ఎక్కడా పెద్దగా నిలబడలేదు కానీ, చాలాకాలం తర్వాత స్కేటింగ్ మళ్లీ హాయిగా అనిపించింది అప్పుడే. వాడి వీసా పొడిగించలేదు. నేనే ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. అదే ఏడాది నాకు ఇరవై ఒకటి నిండి, నాన్న వీసా నీడ నా మీద నుంచి పోయింది. గ్రీన్ కార్డు క్యూలోంచి కూడా నా పేరు జారిపోయింది. స్టూడెంట్ వీసాకి మారాల్సి వచ్చింది. ఆ వీసా మీద పిల్లలకి స్కేటింగ్ నేర్పి డబ్బు తీసుకోవడం కూడా తప్పే. స్కేట్లు బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్, ఉద్యోగం, నా సొంత హెచ్‌వన్, నాన్న తిరిగిన దారిలోనే నేనూ మళ్లీ మొదటి నుంచి.

ఈథన్ వార్తలు నెట్‌లోనే తెలిసేవి. ఒలింపిక్స్ జట్టుని ఎంపిక చేసే పోటీ టీవీలో వస్తుంటే నేను ఒక్కదాన్నే చూద్దామనుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కెయిట్లిన్ అందంగా ఉంది, నాకంటే బాగా చేస్తోంది, అది ఒప్పుకోక తప్పదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఒక్క స్థానంలో పోయింది వాళ్లకి. ఈథన్ ఐసు మీద వంగి మోకాళ్లు పట్టుకుని నిలబడిపోయాడు. "అయ్యో పిచ్చి సన్నాసీ" అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. వాడి మీద కోపం పోయిందో, లేక కోపం ఉండి కూడా ఏడ్చిందో తెలియదు. కొన్నాళ్లకి కెయిట్లిన్ ఇంకో అబ్బాయితో వెళ్లిపోయింది. ఈథన్ న్యూజెర్సీకి తిరిగివచ్చి పిల్లలకి నేర్పుకుంటున్నాడని విన్నాను.

నాకు పౌరసత్వం వచ్చింది నలభైకి దగ్గర పడ్డాక. నాన్న అప్పటికి లేడు. ప్రమాణం చేసి, చేతిలో చిన్న జెండాతో బయటికి వచ్చి, పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. వాడు నేర్పే రింక్ వెబ్‌సైట్‌లో నంబర్ చూసి ఈథన్‌కి ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. "నాకు సిటిజన్‌షిప్ వచ్చింది" అన్నాను, నేనెవరో కూడా చెప్పకుండా. "అయితే రేపు పొద్దున్న ప్రాక్టీసుకి వచ్చెయ్ మ్యాడీ" అన్నాడు. ఇద్దరం నవ్వాం, చాలాసేపు. నవ్వు ఆగాక, "ఐ యామ్ సారీ" అన్నాడు. "అప్పటికి నువ్వు పదిహేడేళ్ల పిల్లాడివి" అన్నాను. "నువ్వూ అంతే కదా" అన్నాడు. త్వరలో కలుద్దాం అనుకుని పెట్టేశాం. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం కెరోల్ మా ఇంట్లో చెప్పింది, నేను ఫోన్ చేసిన వారంలోనే డాక్టర్లు వాడికి జబ్బు సంగతి చెప్పారని. "నీకు చెప్పొద్దన్నాడు. 'దానికి ఇప్పుడే పేపర్లు వచ్చాయమ్మా, కొన్నాళ్లు సంతోషంగా ఉండనీ' అన్నాడు." అమ్మ లేచి స్టవ్ వెలిగించి పెసరట్టు వేసి తెచ్చింది. కెరోల్ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, మింగలేక, చేత్తో నోరు మూసుకుంది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఐ యాంగ్రీ, కెరోల్. మెనీ ఇయర్స్. ఫోన్ నాట్ టేక్" అంది. "తెలుసు" అంది కెరోల్. "నేనైనా ఎత్తేదాన్ని కాదు." ఇద్దరూ అలా ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఒకప్పుడు ఒకే దుప్పటి కింద కూర్చున్న మనుషులు. అప్పట్లో వాళ్లిద్దరూ ఇప్పటి నాకంటే చిన్నవాళ్లు. ఆ వయసులో, రాని భాషలో ఒకరు, భర్త లేని ఇంట్లో ఒకరు, పిల్లల్ని ఆ చలిలోకి రోజూ ఎలా మోసుకొచ్చారో నాకిప్పుడు ఊహకి కూడా అందదు. నాకూ ఒక కూతురుంది, ఉదయం ఎనిమిదింటి ఈత క్లాసుకే లేవదు, నేనూ లేపను. ఇప్పుడు మాకు పాస్‌పోర్టులున్నాయి, ఏ దేశానికి పిలిచినా వెళ్లొచ్చు. పిలిచేవాళ్లే లేరు.

వెళ్లే ముందు కెరోల్ ఒక కోరిక కోరింది. ఇన్నేళ్లూ కొడుకుని రింకులకి తిప్పినా, తను ఒక్కసారి కూడా ఐసు మీద కాలు పెట్టలేదట. "అక్కడ ఎలా ఉండేదో వాడెప్పుడూ చెప్పలేదు. నువ్వైతే చెప్పగలవు" అంది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, అమ్మనీ ఆమెనీ తీసుకుని మా ఊరి రింక్‌కి వెళ్లాను. మధ్యాహ్నం వేళ, ఎవరూ పెద్దగా లేరు. కెరోల్‌కీ నాకూ అద్దె స్కేట్లు తీసుకుని, ఆమెవి నేనే కట్టాను. ఆమె కాళ్లు వణుకుతున్నాయి. అమ్మ ఇద్దరి కోట్లూ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. మాటలతో ఎలా చెప్పాలో తెలియక, ఆమె పక్కన వాడు నిలబడే చోట నిలబడ్డాను. కుడిచేయి ఆమె వీపు వెనక, భుజం ఎముక కింద పెట్టాను. ఎడమచేత్తో ఆమె చేయి అందుకుని, వాడు ఎత్తిపట్టేంత ఎత్తుకే పట్టాను. నా అడుగులే తప్ప వాడివి ఎప్పుడూ వేసి ఎరగను. అయినా నా కాళ్లకి అవన్నీ తెలుసు. మలుపు వచ్చేముందు వాడు బొటనవేలితో వీపు మీద మెల్లిగా నొక్కేవాడు, ఇప్పుడు తిరుగుదాం అని. నేనూ నొక్కాను. "ఇదేనా?" అంది కెరోల్. "ఇదే" అన్నాను. "ప్రతి మలుపుకీ?" "ప్రతి మలుపుకీ." ఆమె కళ్లు మూసుకుంది. నేను మెల్లిగా జరుగుతూ ఆమెని ముందుకి తీసుకెళ్లాను.

రింక్ అవతలి చివరికి వచ్చాక, కళ్లు తెరవకుండానే అడిగింది. "వాడు నిన్నెప్పుడైనా పడేశాడా?"

"ఐసు మీద ఎప్పుడూ లేదు" అన్నాను.

అనేశాక తెలిసింది ఏమన్నానో. ఆమె చేయి నా చేతిలో ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత బరువంతా నా మీద వేసేసింది. నేను గట్టిగా పట్టుకున్నాను. అలాగే ఒక చుట్టు పూర్తయింది. అమ్మ ముందు నుంచి వెళ్తున్నప్పుడు, ఆగుదామా అని అడిగాను. కెరోల్ తల అడ్డంగా ఊపింది.